లాంచీకి రెండో పూత

పడవల షెడ్డు తలుపులు తియ్యగానే పాలిషక్క చేసే మొదటి పని, చెప్పులు పక్కన విడిచి, ఒడ్డుకెక్కించిన పడవ చుట్టూ ఒకసారి తిరిగి రావడం. కొనబోయే గేదెను చూసినట్టు చూస్తుంది. అక్కడక్కడా ఆగి వేలి కణుపులతో తడుతుంది. చివరికి అరచెయ్యి పడవ ఒంటికి ఆనించి బారెడు దూరం గట్టిగా రాస్తుంది. చేతికి ఏమీ అంటకపోతే ఆ పడవకి సబ్బునీళ్ళూ మైనమూ చాలు. సుద్దముక్క పట్టుకున్నట్టు తెల్లటి పొడి అంటితే మాత్రం ఎండకీ ఉప్పుగాలికీ పైపూత చచ్చిందని అర్థం. ఆ చచ్చిన పొర తీసేదాకా దానిమీద ఏం పూసినా బూడిదకి రంగేసినట్టే.

ఆ సోమవారం ఆమె చెయ్యి మణికట్టు దాకా తెల్లబడింది.

ఆ లాంచీ నడిపేది ఆమె సొంత తమ్ముడు. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర, ఈ రేవు నుంచి ఆ రేవుకి ఇరవై రెండేళ్ళుగా జనాన్ని దాటిస్తున్నాడు. టీచర్లు, నర్సులు, కూరగాయల బుట్టలవాళ్ళు, కోర్టు పనులమీద తిరిగేవాళ్ళు, అందరూ అతని లాంచీలోనే. అందరికీ అతను సరంగు. భార్య కూడా అదే లాంచీలో తాడు విసరడం, టికెట్లు చింపడం, ముసలివాళ్ళకి చెయ్యందించడం చూసుకుంటుంది. కోపం వచ్చినప్పుడు ఆవిడ కూడా అతన్ని "సరంగు గారూ" అనే పిలుస్తుంది.

"ఎన్నాళ్ళు పడుతుందక్కా?" అన్నాడు సరంగు.

"వారం. పైన ఒక రోజు."

"అవతల జనం దీనికి బదులు పెట్టిన ఆ డొక్కు లాంచీలో ఒంటికాలి మీద నిలబడి వస్తున్నారు. నాలుగు రోజుల్లో అవగొట్టెయ్యి."

"నేను చేస్తాను. అవగొట్టాలంటే మేస్త్రీని అడుగు, సుత్తి ఇస్తాడు."

షెడ్డు మేస్త్రీ పక్కనే ఉండి నవ్వాడు. ఆ షెడ్డులో చెక్కపని, ఇంజను పని అన్నీ అతని కిందే జరుగుతాయి గాని, పడవని మళ్ళీ నీళ్ళలోకి ఎప్పుడు దించాలన్నది మాత్రం పాలిషక్క నోటిమాట మీదే ఉంటుంది.

ఆమె మైనం పెట్టిన పడవలో మనిషి ప్రతిబింబం ఒక రోజు ఆలస్యంగా కనిపిస్తుంది. ఇవాళ పదింటికి దాని ముందు నిలబడితే, రేపు పదింటికి అందులో కనబడతారు. మైనం వెలుతురుని లోపలికి తీసుకుని బయటికి వదలడానికి ఆ మాత్రం టైము పడుతుందని మేస్త్రీ అంటాడు. వడ్రంగి మాత్రం అది మైనం గుణం కాదు, ఆమె చేతి గుణం అంటాడు. ఇద్దరూ అంతకు మించి ఆలోచించలేదు. కొత్త చొక్కా కుట్టించుకున్నవాడు ఇవాళ వచ్చి పడవ ముందు అటూ ఇటూ తిరిగి, ఎలా ఉందో చూసుకోవడానికి రేపు మళ్ళీ వస్తాడు. నిన్న వాన పడితే ఇవాళ మండుటెండలో కూడా పడవ డొక్కలో వాన కురుస్తూనే ఉంటుంది. ఒంట్లో బాగాలేదని కబురు పంపి సినిమాకి వెళ్ళిన వడ్రంగి, పోతూ పోతూ షెడ్డు ముందు నుంచే పోయి, మర్నాడు అందరి ముందూ ఇస్త్రీ బట్టల్లో కనిపించాడు. పాలిషక్క భర్త పోయిన మర్నాడు కూడా, ఆయన అలవాటు ప్రకారం పొద్దున పూట పడవకి ఆనుకుని టీ తాగుతూ కనిపించాడు. అప్పుడు పనివాళ్ళంతా పనిముట్లు కింద పెట్టి, గ్లాసు ఖాళీ అయ్యేదాకా నిలబడ్డారు.

మంగళవారం లాంచీని సబ్బునీళ్ళతో కడిగారు. నీటిగీత దగ్గర పట్టిన పాచి, ఉప్పు మరకలు పోయేసరికి సాయంత్రమైంది. అప్పుడు సరంగు చేతిలో ఒక సీసాతో వచ్చాడు.

"రంగుల కొట్టతను ఇచ్చాడు. కొత్తగా వచ్చిందట. రుద్దక్కర్లేదు, గీకక్కర్లేదు. ఒక్కసారి పూసి తుడిస్తే ఏడాది మెరుస్తుందట."

పాలిషక్క మూత తీసి వాసన చూసింది. తిప్పి, వెనక చీటీ మీద చిన్న అక్షరాలు చదివింది. కాదనలేదు. ఏ కొత్త సరుకైనా ముందు పడవ వెనక, ఎవరికీ కనబడని చోట, జానెడు మేర పూసి ఒక రోజు వదిలెయ్యడం ఆమె పద్ధతి. అలాగే పూసింది.

బుధవారం పొద్దున నలుగురూ పోయి చూశారు. ఆ జానెడు మేర అద్దంలా తళతళలాడుతోంది. వడ్రంగి వంగి చూసుకున్నాడు. వంగిన మొహం వెంటనే ఎదురుగా కనిపించింది.

"ఇదేంటి, ఇవాళ్టి మొహం ఇవాళే చూపించేస్తోంది," అన్నాడు అసంతృప్తిగా. "దీనికి పాలిష్ ఎందుకు, ఇంట్లో అద్దం లేదా?"

పాలిషక్క దానిమీద నాలుగు నీటిచుక్కలు చల్లింది. కాసేపటికి చుక్కలున్న చోట పాలు ఒలికినట్టు మచ్చలు తేలాయి. వేలితో గీకితే సన్నటి పొర ప్లాస్టిక్ కాగితంలా లేచొచ్చింది.

"పైన దుప్పటి కప్పింది, అంతే. కింద చచ్చిన పొర అలాగే ఉంది. ఉప్పునీళ్ళలో నెల తిరక్కుండా ఊడిపోతుంది."

"పోనీలేక్కా. నెలయ్యాక చూసుకుందాం," అన్నాడు సరంగు.

అతను ఆ మాట అన్న తీరు ఆమెకి వింతగా తోచింది. ఎప్పుడూ లాంచీ మీద చిన్న గీత పడినా అన్నం సయించని మనిషి. తలెత్తి చూసింది. తమ్ముడు ఏటివైపు చూస్తున్నాడు.

"ఏరా, ఏమైంది నీకు?"

"ఏం లేదు. ఒడ్డున కూర్చుంటే పిచ్చెక్కుతోంది."

సీసా మూత బిగించి అతని చేతిలో పెట్టి, ఆమె పనిలోకి దిగింది.

మూడు రోజులు ఒంచిన నడుం ఎత్తలేదు. ముందు గరుకు ముద్దతో చచ్చిన పొర తీసింది. ఆ ముద్దలో కంటికి కనబడనంత సన్నటి ఇసుక ఉంటుంది. తక్కువ రుద్దితే సుద్ద పోదు. ఎక్కువ రుద్దితే పైపూత అరిగి లోపలి ఫైబరు నార బయటపడుతుంది. ఎక్కడ ఆపాలో చెప్పేది చెయ్యే. ఆ తర్వాత మెత్తటి పాలిష్. శనివారం మైనం. రెండు మూరల చదరాలుగా విడగొట్టుకుని, ఒక్కో చదరంలో పల్చగా, గుండ్రంగా రాసుకుంటూ పోయింది. రాసింది పొగమంచులా తెల్లబడగానే, పూర్తిగా ఎండిపోకముందే మెత్తటి గుడ్డతో తీసేసింది. నీటిగీత దాటి కిందికి మాత్రం ఒక్క చుక్క పోనివ్వలేదు. అక్కడ నత్తలు పట్టకుండా వేసే రంగు వేరే ఉంటుంది, మైనం తగిలితే అది పట్టదు.

శనివారం సాయంత్రానికి మొదటి పూత అయింది. ఆదివారం షెడ్డుకి సెలవు. ఒక రోజు ఆరనిచ్చి సోమవారం రెండో పూత. మంగళవారం పొద్దున లాంచీ నీళ్ళలోకి, ఎనిమిదిన్నరకి మొదటి ట్రిప్పు. అన్నీ అనుకున్నట్టే ఉన్నాయి.

సోమవారం పాలిషక్క వచ్చేసరికి లాంచీ ఎడమ పక్కంతా టార్పాలిన్ వేలాడదీసి ఉంది. దాని ముందు బోర్లించిన పీపా మీద తమ్ముడు కూర్చున్నాడు.

"ఇదెవరు కట్టారు?"

"నేనే. ఎండ పడుతోందక్కా. ఎండ తగిలితే మైనం మచ్చలు కడుతుందని నువ్వేగా అంటావు."

"మంచిదే," అని ఆమె కుడి పక్క రెండో పూత మొదలుపెట్టింది. తమ్ముడు పీపా మీద నుంచి లేవలేదు. టీకి లేవలేదు. ఎవరో రేవు దగ్గర పిలుస్తున్నారన్నా లేవలేదు. పన్నెండు కావస్తుంటే, "భోజనానికి వెళ్ళక్కా, నీ మరదలు క్యారేజీ పంపింది, చల్లారిపోతుంది," అన్నాడు. కాసేపాగి మళ్ళీ అదే మాట అన్నాడు.

ఆమె చేతులు తుడుచుకుని నాలుగడుగులు వేసింది. ఆగింది. తలెత్తి కప్పు చూసింది. రేకులు ఈమధ్యే మార్చారు, చిల్లు కూడా లేదు. ఆ పక్కకి ఎండ పడాలంటే సూర్యుడు గోడలోంచి రావాలి.

వెనక్కొచ్చి టార్పాలిన్ అంచు పట్టుకుంది.

"అక్కా, వద్దు," అన్నాడు సరంగు. గొంతు పెంచలేదు. చెయ్యి అడ్డం పెట్టలేదు. ఆమె వంగి లోపలికి వెళ్ళింది.

పడవ డొక్కలో నిన్నటి షెడ్డు ఉంది. పనిముట్లన్నీ గోడకి తగిలించి ఉన్నాయి, తలుపు కొంచెం తెరిచి ఉంది, నేల మీద ఒక చారలా వెలుగు పడుతోంది. ఆ చారలోంచి తమ్ముడు నడుచుకుంటూ వచ్చాడు. పడవ చుట్టూ తిరిగి, అచ్చం ఆమెలాగే, అరచెయ్యి ఆనించి బారెడు దూరం రాసి చూసుకున్నాడు. చేతికి ఏమీ అంటలేదు. నవ్వుకున్నాడు. అంతలో ఎవరో పిలిచినట్టు తల పక్కకి వంచాడు. మోకాళ్ళు మడతపడ్డాయి. దేన్నీ పట్టుకోబోలేదు. బట్టల కుప్ప జారినట్టు కిందికి జారి, చెంప నేలకి ఆని పడిపోయాడు.

తనకి తెలియకుండానే ఆమె లెక్కపెట్టసాగింది. వెనకాల, టార్పాలిన్ అవతల, ఇవాళ్టి తమ్ముడి ఊపిరి వినపడుతోంది. ఆ ఊపిరి వింటూ పద్దెనిమిది దాకా లెక్కపెట్టింది. పందొమ్మిది అనేసరికి కింద పడ్డవాడి వేళ్ళు కదిలాయి. మెల్లగా లేచి కూర్చున్నాడు. చెంపకంటిన దుమ్ము దులుపుకున్నాడు. ఎవరైనా చూశారా అని తలుపువైపు చూశాడు. తర్వాత పడవ వైపు తిరిగాడు. ఆమె నిలబడ్డ చోటికే, ఆమె కళ్ళలోకే చూశాడు. రెండు చేతులూ జోడించాడు. చెప్పకమ్మా అన్నట్టు తల అడ్డంగా ఊపాడు. అలా చాలాసేపు ఉండి, గోడ పట్టుకుని లేచి వెళ్ళిపోయాడు.

పాలిషక్క బయటికి వచ్చి పీపా పక్కనే నేల మీద కూర్చుంది.

"ఎన్నోసారి?"

"మూడు," అన్నాడు.

"మిగతా రెండూ?"

"ఒకటి ఇంట్లో, స్నానం చేస్తుంటే. ఇంకోటి లాంచీలో. చక్రం దగ్గర. జనం లేరక్కా, ఖాళీగా తిరిగొస్తున్నాం. ఆవిడ వెనక తాడు చుడుతోంది, చూడలేదు. కళ్ళు తెరిచేసరికి లాంచీ కొంచెం పక్కకి తిరిగింది, అంతే."

"జనం ఉంటే?"

"డాక్టరు దగ్గరికెళ్తే మొదట లైసెన్సు తీసుకుంటారు," అన్నాడు. "ఒడ్డున నేనేం చెయ్యను? నాకింకేం వచ్చు చెప్పు. నీకు దణ్ణం పెట్టాను కదా."

"పెట్టింది నిన్నటివాడు. వాడి ఎదురుగా నేను లేను, ఉంటే అప్పుడే చెప్పేదాన్ని. ఇప్పుడు నీతో చెప్తున్నా. రేపు నువ్వు లాంచీ ఎక్కట్లేదు."

అప్పుడే మేస్త్రీ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "అక్కా, ట్రాలీ చక్రాలకి గ్రీజు పెట్టించాను. పొద్దున్నే ఏడింటికి దించేద్దామా?"

సరంగు తల దించుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. చిన్నప్పుడు పలక పగలగొట్టి వచ్చిన రోజున కూడా వాడు అలాగే కూర్చున్నాడని ఆమెకి గుర్తొచ్చింది. నలుగురిలో చెప్పడానికి నోరు రాలేదు. అబద్ధం ఆడడానికీ రాలేదు. ముప్ఫయ్యేళ్ళలో మైనం గురించి ఆమె ఒక్క అబద్ధం ఆడలేదు.

"ఎడమ పక్క రెండో పూత పడలేదు," అంది. "పడేదాకా దించొద్దు."

"ఎప్పటికి పడుతుంది?"

"చెప్తాను."

మేస్త్రీ టార్పాలిన్ చూశాడు, సరంగు మొహం చూశాడు. "సరే అక్కా," అని వెళ్ళిపోయాడు.

"ఇలా ఎన్నాళ్ళు ఆపుతావు?" అన్నాడు తమ్ముడు.

"నువ్వు ఆసుపత్రికి వెళ్ళొచ్చేదాకా."

"మొండిదానివి."

"మైనం డబ్బా నా దగ్గరుంది. నువ్వెంత అరిచినా మూత రాదు. ఇంటికెళ్ళి మరదలికి నువ్వే చెప్పు. నేను చెప్తే బాగుండదు."

ఆ సాయంత్రం అతను భార్యకి చెప్పాడు. ఆవిడ ఆరేసిన బట్టలు మడతపెడుతోంది. అతను చెప్పడం అయిపోయినా, చివరి తువ్వాలు దాకా మడుస్తూనే ఉంది.

"ఆ రోజు లాంచీ పక్కకి తిరగడం నేను చూశాను," అంది చివరికి. "గాలి లేదు. నిన్నడుగుదామని వచ్చి, నీ మొహం చూసి కసురుకుంటావని వెనక్కెళ్ళిపోయాను. అడగాల్సింది."

"అడిగినా చెప్పేవాణ్ణి కాదు."

"తెలుసు. అయినా అడగాల్సింది."

మర్నాడు పొద్దున ఏడింటికల్లా ఇద్దరూ ఆసుపత్రి బెంచీ మీద ఉన్నారు. డాక్టరమ్మ అంతా విని, మాట్లాడుతూనే అతన్ని మంచం మీద పడుకోబెట్టి ఛాతీకి తీగలు అంటించింది. మంచం పక్కన పెట్టెలో పచ్చటి గీత ఎగుడుదిగుడుగా నడుస్తోంది. సరంగు దాన్ని చూసి, ఏటి మొగ దగ్గర అలలు ఇలాగే ఉంటాయని నర్సుకి చెబుతున్నాడు. చెబుతూ చెబుతూ ఆగిపోయాడు. పచ్చటి గీత బల్లపరుపుగా సాగింది.

నర్సు గట్టిగా పిలిచింది. ఇద్దరు పరిగెత్తుకొచ్చారు. డాక్టరమ్మ రెండు చేతులూ అతని ఛాతీ మీద పెట్టి అదిమింది. ఈసారి గుండె తనంతట తాను లేవలేదు. నలుగురు కలిసి లేపితే లేచింది.

ఆ రోజు మధ్యాహ్నమే అతని కుడి భుజం ఎముక కింద చిన్న గడియారమంత యంత్రం పెట్టారు. గుండె ఆగబోయినప్పుడల్లా అది తట్టి లేపుతుందని డాక్టరమ్మ చెప్పింది. సాయంత్రం పాలిషక్క ఆసుపత్రికి వచ్చింది. మరదలు వరండాలో నిలబడి ఉంది.

"ఎన్నింటికి ఆగింది?" అని అడిగింది పాలిషక్క.

"తొమ్మిదికి పది నిమిషాలుందనగా, వదినా. గోడ గడియారం చూశాను."

ఎనిమిదిన్నరకి రేవు వదిలితే తొమ్మిదికి పది నిమిషాల ముందు లాంచీ ఎక్కడ ఉంటుందో ఇద్దరికీ తెలుసు. ఏటి నీళ్ళూ సముద్రం పోటూ గుద్దుకునే చోట, మొదటి ట్రిప్పు గనక తొంభై మందితో. మరదలు వదిన చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి మైనం వాసన వేస్తోంది. అలా పట్టుకునే కాసేపు బెంచీ మీద కూర్చున్నారు.

మూడు నెలలు చక్రం ముట్టొద్దన్నారు. ఆ తర్వాత పరీక్ష చేసి చెప్తామన్నారు. అయితే లాంచీ ఎవరు నడపాలన్న ప్రశ్న ఇంట్లో రెండు రోజులు తిరిగింది. మూడో రోజు మరదలు రేవు ఆఫీసుకి వెళ్ళి సరంగు పరీక్షకి కాగితాలు తెచ్చుకుంది. సరంగు మంచం మీద కూర్చుని భార్యకి పాఠాలు మొదలుపెట్టాడు. దుప్పటి ముడతల్నే ఏరుగా చూపిస్తూ, ఇక్కడ ఇసుక మేట, ఇక్కడ సుడి అన్నాడు.

"ఆ మేట అక్కడ లేదు. రెండేళ్ళ కిందటే ఎగువకి జరిగింది."

"ఎవరు చెప్పారు?"

"నేను వెనక నిలబడి రోజూ చూస్తున్నాగా. నువ్వు అలవాటు కొద్దీ తిప్పుకుంటూ పోతున్నావు. దారి పది నిమిషాలు ఎక్కువవుతోంది."

సరంగు దుప్పటి వైపు చాలాసేపు చూశాడు. తర్వాత చేత్తో ఆ ముడతని ఎగువకి జరిపాడు.

నెల తిరిగేసరికి ఆవిడ పరీక్ష పాసైంది. ఆ వారమే సరంగు షెడ్డుకి వెళ్ళి, ఎడమ పక్క రెండో పూత తను వేస్తానన్నాడు. పాలిషక్క అతన్ని పీపా మీద కూర్చోబెట్టి, ఎడమ చేతికి గుడ్డ ఇచ్చింది. కుడి చెయ్యి ఇంకా భుజం దాటి ఎత్తకూడదు.

"పల్చగా రాయి. రొట్టెకి వెన్న పూస్తున్నావా?"

"ఇంత పల్చగా పెడితే పెట్టినట్టు తెలుస్తుందా?"

"నీకు తెలియక్కర్లేదు. నీళ్ళకి తెలిస్తే చాలు. గుండ్రంగా తిప్పు. తొందరేం లేదు."

అతను పొద్దున్నుంచీ సాయంత్రం దాకా తిప్పాడు. మధ్యలో రెండుసార్లు ఆమె అతని చదరాన్ని తుడిచేసి మళ్ళీ రాయించింది. మూడోసారి ఏమీ అనలేదు. ఏడింటికి చీకటి పడుతుంటే అరచెయ్యి ఆనించి బారెడు దూరం రాసి, మేస్త్రీని పిలిచి, "రేపు దించుకోండి," అంది.

పొద్దున ఎనిమిదిన్నరకి మరదలు చక్రం పట్టుకుంది. తాడు విప్పడానికి కొత్తగా ఒకామెను పెట్టుకున్నారు. సరంగు తడబడుతూ, ఎక్కడ నిలబడాలో తెలియక, చివరికి వెళ్ళి వెనక బెంచీలో జనం మధ్య కూర్చున్నాడు. ఆ బెంచీ వెనక్కి తిరిగి ఉంటుంది. ఇరవై రెండేళ్ళుగా అతను వెళ్ళబోయే ఒడ్డునే చూశాడు గాని, వదిలొచ్చే ఒడ్డు ఎలా ఉంటుందో ఒక్కసారీ చూడలేదు. రేవు మెట్లు ముందు చిన్నవయ్యాయి. టీ కొట్టు, దాని వెనక తమ ఇంటి డాబా, డాబా మీద నిన్న తనే ఆరేసిన లుంగీ కనిపించాయి. షెడ్డు రేకులు మెరిశాయి. వాలు మీద అప్పుడే ఇంకో పడవని ఎక్కిస్తున్నారు. దాని చుట్టూ ఒక మనిషి మెల్లగా తిరుగుతోంది.

పక్కన కూర్చున్న, రోజూ ఏరు దాటే నర్సొకామె అతన్ని గుర్తుపట్టింది. "ఏంటి సరంగు గారూ, ఇవాళ ఇక్కడ కూర్చున్నారు?"

"చూద్దామని," అన్నాడు.

ఆమె సంచీ ఒళ్ళోకి తీసుకుని, కొంచెం జరిగి, కిటికీ పక్కన అతనికి చోటిచ్చింది.